మిగిలిన పొట్లం

సముద్రాన్ని కళ్ళారా చూసినవాళ్ళు హాజెల్‌హుట్టెలో పట్టుమని పదిమంది ఉండరు. అయినా ఆ ఊరికి సొంతంగా ఒక జలాంతర్గామి ఉండేది. ఇంటింటా గాజు కరిగించుకుని బతికే కొండ ఊరికి ఇదేం పిచ్చి అనుకుంటే, ఆ రోజుల్లో ఆ పిచ్చి జర్మనీ అంతటా ఉంది. ప్రతి పడవకూ ఏదో ఒక ఊరు పెంపుడు తల్లి. మేయర్ కుప్ఫర్ ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నాడో, ఒక పడవను సంపాదించుకొచ్చాడు. ఊరి ముద్ర అయిన మూడాకుల కొమ్మను పడవ బురుజు మీద ఆకుపచ్చ రంగుతో వేయించాడు. ఆడవాళ్ళు మేజోళ్ళు అల్లి పంపారు. ఆ పడవ ఒక ఓడను ముంచిందని కబురు వచ్చినప్పుడల్లా సత్రం హాల్లో గోడకు ఒక చిన్న జెండా కట్టేవారు. మొదటి జెండా కట్టిన వారమే సెల్మా పెద్దకొడుకు ఆర్నో నావికాదళంలో పేరు రాయించుకున్నాడు. పట్టుబట్టి మరీ ఆ పడవే ఎక్కాడు.

ఆ సెల్మా ఇంటికే ఇప్పుడు ఆ పడవ నావికుడు హిన్‌రిక్ అతిథిగా వచ్చాడు.

నవంబరు నెల, గురువారం మధ్యాహ్నం. బండి దిగేసరికి ప్లాట్‌ఫారం మీద బ్యాండుతో సహా ఊరు నిలబడి ఉంది. ఆ బ్యాండు గురించి చెప్పుకోకపోవడమే మర్యాద. ఈడొచ్చిన మగవాళ్ళందరూ యుద్ధంలోనే ఉన్నారు కాబట్టి సగం మంది ముసలివాళ్ళు, సగం మంది పిల్లలు వాయిస్తున్నారు. మేయర్ కుప్ఫర్ చెయ్యి చాచి సెల్యూట్ చేసి, హిన్‌రిక్ భుజం మీద గట్టిగా చరిచాడు. కుట్లు మానిన చోట కలుక్కుమంది. అపెండిక్స్ ఆపరేషనని ఫ్రాన్సులో ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడే పడవ అతన్ని వదిలేసి వెళ్ళింది. బదులు మనిషి దొరక్క ఒక మనిషి తక్కువతోనే బయల్దేరింది.

ఆ పడవ ఇక రాదు. ఆ సంగతి హాజెల్‌హుట్టెలో హిన్‌రిక్‌కి ఒక్కడికే తెలుసు.

స్థావరంలో అధికారి అతన్ని పిలిచి, తలెత్తకుండానే చెప్పాడు. "ఇంటివాళ్ళకి కబురు వెళ్ళాల్సినప్పుడు వెళ్తుంది. అంతవరకూ నోరు మెదిపావో, సైనిక కోర్టే. ఆ ఊరివాళ్ళు మనిషిని పంపమని అడుగుతున్నారు, నువ్వు తప్ప ఎవడూ మిగల్లేదు. వెళ్ళు, తిను, సెల్యూట్ కొట్టు, తిరిగి రా. పడవ ఎక్కడుందంటే సముద్రంలో ఉందని చెప్పు. అబద్ధం కూడా కాదు."

ఇక్కడికి బయల్దేరేముందు అతనికి అప్పగించిన పని ఇంకోటుంది. సముద్రంలోకి వెళ్ళేముందు నావికులందరూ ఒడ్డున వదిలిపోయే సంచులు ఉంటాయి. మనిషి రాడని తేలాక వాటిని విప్పి, ఇంటికి పంపదగ్గవి ఉంచి, పంపకూడనివి తీసెయ్యాలి. పెళ్ళయినవాళ్ళ సంచుల్లోంచి ఫ్రెంచి అమ్మాయిల ఫొటోలు ఏరి పొయ్యిలో వేశాడు. చిరిగిన చొక్కాలు మడతపెట్టాడు. ఆర్నో సంచిలో ఒక మేజోడు, దాని లోపల వాళ్ళమ్మ ఊది చేసిన గాజు పిట్ట దొరికింది. పడవలో బాంబులకు పగులుతుందని ఒడ్డునే దాచుకున్నాడు పిచ్చివెధవ. హిన్‌రిక్ దాన్ని ఇంకో మేజోడులో కూడా దూర్చి, సంచి మధ్యలో పెట్టి కట్టేశాడు.

సెల్మా ఇల్లంటే ఒక వంటగదే. కిటికీ దగ్గర పనిబల్ల, దాని మీద గ్యాసు మంట, కట్టలు కట్టలుగా గాజు గొట్టాలు. యుద్ధానికి ముందు క్రిస్మస్ చెట్టుకు కట్టే గాజు గోళాలు, పిట్టలు చేసేవారు. ఇప్పుడు సైనిక ఆసుపత్రులకు ఇంజక్షన్ మందు గొట్టాలు చేస్తున్నారు. సాయంత్రం ఆలుగడ్డ సూపు పెట్టింది. మేయరు ఒక సారా సీసా పట్టుకుని వచ్చి, అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సెల్మా చిన్నకొడుకు ఎవాల్ద్ హిన్‌రిక్ మొహంలోకి కళ్ళప్పగించి చూస్తున్నాడు. పదహారు నిండినవాడు, మీసం ఇంకా రాలేదు.

"అన్నా, మీద బాంబులు పడుతుంటే లోపల ఎలా ఉంటుంది?"

"ఒంటేలికి లేవనివ్వరురా. అలా ఉంటుంది."

మేయరు విరగబడి నవ్వాడు. హిన్‌రిక్‌కి నవ్వించడమే నయమనిపించింది. నవ్వుతున్నంతసేపు ఎవరూ ప్రశ్నలు వెయ్యరు కదా. ఉన్న రెండు మరుగుదొడ్లలో ఒకదాన్ని సాసేజీలతో, డబ్బాలతో నింపేస్తారని, అవి తిని ఖాళీ చేస్తే గాని దాన్ని వాడనివ్వరని చెప్పాడు. రొట్టెకు బూజు పట్టి కుందేలుపిల్లలా తెల్లగా అయిపోతుందని, ఆ బొచ్చు ఒలిచేసి మధ్యలోది తింటారని చెప్పాడు.

"పడకలా? అవీ తక్కువేనమ్మా. ఇద్దరికి ఒకటి. ఒకడు డ్యూటీకి లేస్తే ఇంకొకడు దూరతాడు. నాదీ మీ ఆర్నోదీ ఒకటే పడక."

"అంటే నా కొడుకు నీ మురికిలో పడుకుంటాడన్నమాట," అంది సెల్మా.

"అన్యాయం అమ్మా! నేనే వాడి మురికిలో."

సెల్మా నవ్వింది. నవ్వితే అచ్చం ఆర్నో. హిన్‌రిక్ చెంచా కింద పెట్టేశాడు.

ఆమె చేతులు తుడుచుకుని అతని ఎదురుగా కూర్చుంది. "బాబూ, ఎల్లుండి సాయంత్రం హాల్లో మేయరుగారు అందరి ముందూ నన్ను అడుగుతారట. వీడు అన్న పడవలోకే పోతానని ఒకటే గోల. వయసు చాలదు, తల్లి ఒప్పుకోవాలట. నేను సరేనంటే వీడు పోతాడు. నాకేం తెలుసు సముద్రం సంగతి? అందులో తిరిగినవాడివి నువ్వు. నీకో తమ్ముడుంటే ఆ పడవ ఎక్కిస్తావా?"

ఎవాల్ద్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మేయరు గ్లాసు మీంచి హిన్‌రిక్ వంక చూస్తున్నాడు. ఆ చూపులో నవ్వు లేదు.

"మంచి పడవమ్మా," అన్నాడు హిన్‌రిక్.

"నేనడిగింది పడవ సంగతి కాదే..."

"చెప్పాడుగా!" మేయరు బల్ల చరిచాడు. "ఇంకేం కావాలి నీకు? పొయ్యరా ఎవాల్దూ, ఈ అన్నకి ఇంకో గ్లాసు!"

హిన్‌రిక్ తాగాడు. తనంటే తనకే అసహ్యం వేసింది.

*

పొద్దున్నే లేచి కిందికి వచ్చేసరికి సెల్మా మంట ముందు కూర్చుని ఉంది. ఎవాల్ద్ బడికి వెళ్ళిపోయాడు. ఆమె గొట్టాన్ని రెండు చేతుల వేళ్ళ మధ్య తిప్పుతూ మంటలో పెట్టింది. గాజు ఎర్రబడి మెత్తబడగానే బయటికి తీసి రెండువైపులా లాగింది. మధ్యలో సన్నటి మెడ సాగింది. మళ్ళీ మంట, చిన్న ఊదు, అడుగు గుండ్రంగా మూసుకుంది. రేకు డబ్బాలోకి టింగుమని జారింది. చూడకుండానే ఇంకోటి అందుకుంది.

"కూర్చో. పాలు అక్కడున్నాయి. వీటిలో ఒకటి కూడా పగలకూడదు, పగిలితే లెక్క చూసే సైనికాధికారి నన్ను పట్టుకుని ఏదో నేను మందు తాగేసినట్టు అరుస్తాడు."

"ఎవాల్ద్‌కి వచ్చా ఈ పని?"

"వేళ్ళున్నాయి, ఓపిక లేదు. ఆర్నోకి ఊపిరి మంచిది. ఎంత పెద్ద గోళమైనా ఒక్క దమ్ములో ఊదేవాడు." గొట్టం తిప్పుతూనే అంది. "చూడు, ఆ దమ్మంతా తీసుకెళ్ళి గాలి ఆడని డబ్బాలో పెట్టుకున్నాడు."

హిన్‌రిక్ పాలు గ్లాసులో పోసుకున్నాడు. ఇద్దరే ఉన్నారు. తలుపు మూసే ఉంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు. ఎవడో వాళ్ళ స్థావరంలోనే బారులో తాగి యుద్ధం ఓడిపోతామన్నాడని ఒక పొద్దున్నే తీసుకెళ్ళి కాల్చేశారు. ఆ పొద్దుటి తుపాకుల చప్పుడు ఆసుపత్రి మంచం మీద అతను విన్నాడు. చెప్పాలనుకున్నప్పుడల్లా ఆ చప్పుడే మళ్ళీ వినిపిస్తోంది.

"అమ్మా, ఎవాల్ద్ సంగతి..."

సెల్మా చెయ్యి ఆగింది. మంట తగ్గించి, అతని వైపు పూర్తిగా తిరిగింది. "ఊఁ, చెప్పు."

తలుపు ధడాలున తెరుచుకుంది. పక్కింటి ముసలమ్మ లీడియా, కొంగు లేదు గాని ఉంటే నడుముకు చుట్టుకునే రకం, ఒక చిన్న డబ్బా గుండెకు అదుముకుని లోపలికి వచ్చింది. "ఏడీ మన సముద్రపు పెళ్ళికొడుకు? ఇదిగో, చూడు! చక్కెర! అసలు చక్కెర. మనవరాలి పుట్టినరోజుకని దాచాను. దానికి పుట్టినరోజులు చాలా వస్తాయి. ఇది మీ కుర్రాళ్ళకి."

"వద్దమ్మమ్మా. మాకు అక్కడ అన్నీ పెడతారు. నిజంగా వద్దు. పాపకి ఉంచండి."

"నోర్ముయ్! పెట్టేదాన్ని నేను, మధ్యలో నువ్వెవడివి? నీకు కాదు, వాళ్ళకి!"

హిన్‌రిక్ చూపు నేల మీదికి దిగిపోయింది. సెల్మా ఇంకా అతన్నే చూస్తోంది. కాసేపు చూసి, మంట పెంచుకుంది.

*

ఆ మధ్యాహ్నం బడిలో బెంచీలన్నీ గోడకు జరిపారు. క్రిస్మస్‌కి పడవవాళ్ళకు పొట్లాలు కట్టడం ఆ ఊరి ఆనవాయితీ. మనిషికి ఒకటి చొప్పున అట్టపెట్టెలు వరసగా పెట్టారు. ఒక్కో పెట్టెలో ఒక ముక్క పండుగ రొట్టె, ఒక జత మేజోళ్ళు, గుప్పెడు ఎండు ఆపిల్ ముక్కలు. రేషను కార్డుల మీద బతికే ఇళ్ళలోంచి తెచ్చినవి అవి. ఒకామె వెన్న తెచ్చింది. ఆమె చంటిపిల్ల వీపున ఉంది, దాని మొహం పాలిపోయి ఉంది. హిన్‌రిక్‌కి ఆ వెన్న వంక చూడబుద్ధి కాలేదు. ఇవన్నీ స్థావరం గిడ్డంగిలో ఎవడి చేతికో చిక్కుతాయి. మంచివి ఆఫీసర్ల బల్ల మీదికి పోతాయి, మిగతావి కుళ్ళిపోతాయి.

"చెప్పు బాబూ, ఎవరెవరికి ఏం ఇష్టం?" అంది లీడియా. "పోయినేడు తెలియక పళ్ళులేనివాడికి బాదం గింజలు పంపాం."

నవ్వారు. మేయరు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తప్పదు. హిన్‌రిక్ కళ్ళు మూసుకున్నాడు. పడవలో మనుషుల్ని తలుచుకునే పద్ధతి ఒకటే. ముందువైపు నుంచి మొదలుపెట్టి వెనకదాకా, పడక తర్వాత పడక, పడకకు ఇద్దరు.

"ముందు టోర్పెడో గది. కుడి కింది పడక, యుప్, లుట్స్. యుప్‌కి మెత్తటివి పెట్టండి, ఆ పళ్ళులేనివాడు వాడే. లుట్స్‌కి ఏది పెట్టినా పేకాటలో పోగొట్టుకుంటాడు. పై పడక, టియార్క్, ఫీటె. టియార్క్‌కి పెద్ద మేజోళ్ళు, కాళ్ళు కావవి, తెడ్లు. ఫీటె తీపి తినడు. తిననని చెప్పి అందరి వాటాలూ దొంగిలిస్తాడు."

ఆడవాళ్ళు నవ్వుతూ పెట్టెల మీద పేర్లు రాస్తున్నారు. చెబుతున్నకొద్దీ హిన్‌రిక్‌కి గొంతు తెరిపినపడింది. ఎన్నాళ్ళయింది వాళ్ళ పేర్లు బయటికి అని! డీజిలు వాసన, తడి తోలు వాసన తగిలాయి. మనసులోనే వంగి, మొదటి గుండ్రటి తలుపులోంచి అవతలికి దాటాడు. వంటవాడు బ్రూనో తిట్టుకుంటూ కూర కలుపుతున్నాడు. "బ్రూనోకి తిండి పంపితే అవమానం, పొగాకు పంపండి. వాడి పడకలో రెండోవాడు కార్స్టెన్, వాడు ప్రార్థన చేసుకునే రకం, కొవ్వొత్తులుంటే పెట్టండి." ఇంకో నాలుగు అడుగులు. ఎడమవైపు, పై పడక. దుప్పటి అంచు చిరిగి వేలాడుతోంది.

"ఎడమ పై పడక. ఆర్నో."

ఆగిపోయాడు. కళ్ళు తెరిచేసరికి సెల్మా పురికొస చేత్తో పట్టుకుని ఎదురుగానే ఉంది.

"వాడికేం పెట్టమంటావు?" అంది.

అందరికీ చెప్పాడు. తనతో ఒకే పడక పంచుకున్నవాడికి ఏం కావాలో చెప్పడానికి నోరు రాలేదు.

"మీకు తెలియనిదేముందమ్మా," అని, గబగబా తర్వాతి పడకకు వెళ్ళిపోయాడు. ఇంజను గది. కరెంటు మోటార్ల గది. వెనక టోర్పెడో గొట్టం. అయిపోయింది.

పొట్లాలన్నీ కట్టారు. ఒక పెట్టె మిగిలింది.

"ఇదెవరిదే? పేరు లేదు," అంది లీడియా. "మనిషికొకటి అని సరిగ్గా తెచ్చాంగా. ఎవణ్ణి వదిలేశావు బాబూ?"

హిన్‌రిక్ మళ్ళీ మనసులో ముందునుంచి వెనకదాకా పరిగెత్తాడు. అందరూ ఉన్నారు. ఒక్కడు కూడా తప్పిపోలేదు. లీడియాయే నుదురు కొట్టుకుంది.

"ఓరి నీ అఘాయిత్యం కూలా! తనను తానే మర్చిపోయాడే వీడు!"

గది గదంతా నవ్వింది. మేయరు కూడా నవ్వాడు. హిన్‌రిక్ కూడా చెవులు ఎర్రబడుతుంటే నవ్వాడు. సెల్మా ఒక్కతే నవ్వలేదు. పురికొసను వేలికి చుట్టుకుంటూ నిలబడింది. వేలి కొస తెల్లబడేదాకా చుట్టుకుంటూనే ఉంది. ఆ తర్వాత విప్పుకుని, ఆ మిగిలిన పెట్టె తీసుకుని చంకలో పెట్టుకుంది.

"ఇది నేను కడతాలే ఇంటి దగ్గర," అంది.

సాయంత్రం వెలుతురు పోకముందు ఆమె మంట ముందు కూర్చుంది. ఒక గొట్టం విరిగింది. ఇంకోటి మంటలోనే వంకరపోయింది. ఇంకోటి విరిగింది. ఎవాల్ద్ ఆశ్చర్యంగా తల తిప్పి చూశాడు. ఆమె గాజు ముక్కలు తుడిచి, మంట ఆర్పేసి, "ఇవాళ గ్యాసు సరిగా రావడం లేదు," అంది. హిన్‌రిక్ ఆ మాట నమ్మాడు. నమ్మితే హాయి కనుక నమ్మాడు.

*

శనివారం సాయంత్రానికి సత్రం హాలు నిండిపోయింది. గోడకు చిన్న జెండాలు వరసగా ఉన్నాయి. మేయర్ కుప్ఫర్ వేదికెక్కి పడవ చరిత్రంతా పురాణంలా ఎత్తుకున్నాడు. ఉత్తరాన ఏ రేవులో కట్టారు, ఏ చలికాలంలో నీళ్ళలోకి దింపారు, మొదటి ప్రయాణంలో తుపానుకు బురుజు కిటికీలు ఎలా పగిలాయి, రెండోసారి మంచు సముద్రంలో ఏ ఓడల గుంపును వెంటాడింది. ఒక్కో జెండా దగ్గర ఆగి, ఓడ ఎంత పెద్దదో చెప్పి చప్పట్లు కొట్టించాడు.

హిన్‌రిక్ వేదిక మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మూడో జెండా ఓడ రాత్రి మునిగింది. పొద్దున నూనె తెట్టు మీద ఒక తలుపు చెక్కను పట్టుకుని ఇద్దరు తేలుతూ కనిపించారు. పడవలోకి ఎక్కించుకోవద్దని ఉత్తర్వు. ఆర్నో బురుజు మీంచి తన రొట్టె విసిరాడు. అది వాళ్ళకు అందలేదు. నీళ్ళలో నానిపోయింది. ఆ రోజంతా ఆర్నో మాట్లాడలేదు, డ్యూటీకి లేపినప్పుడు కూడా. ఆ ముక్క మేయరుగారి చరిత్రలో లేదు. పడవ చరిత్రలో చివరి ముక్క కూడా లేదు. ఏ బాంబు పడిందో, ఎంత లోతున పడిందో ఎవరికీ తెలియదు.

"ఇప్పుడు!" అన్నాడు మేయరు. "ఆ వీరుడి తమ్ముణ్ణి చూడండి. రారా ఎవాల్దూ! సెల్మా, నువ్వూ రా అమ్మా. ఊరంతా వింటోంది, చెప్పు."

ఎవాల్ద్ ఎర్రబడ్డ మొహంతో వేదిక కింద నిలబడ్డాడు. హిన్‌రిక్ కుర్చీ అంచు పట్టుకుని ముందుకు వంగాడు. ఇప్పుడు లేవాలి. లేచి, 'వద్దమ్మా' అని రెండు మాటలంటే చాలు. కాళ్ళు కదిలాయి, కుర్చీ కిర్రుమంది.

సెల్మా అతని వైపు ఒక్క చూపు చూసింది. కూర్చోమన్నట్టు ఉందా చూపు. అతను కూర్చుండిపోయాడు.

"నేనొప్పుకోను," అంది సెల్మా.

మేయరు నవ్వు మొహం మీదే అతుక్కుపోయింది. "ఏమిటీ?"

"వీణ్ణి పంపను. నాకు కళ్ళు ఆనడం లేదు, నిన్న మూడు గొట్టాలు పాడుచేశాను. కావాలంటే వీణ్ణే అడగండి. సైనిక ఆసుపత్రికి మందు గొట్టాలు చెయ్యాలా వద్దా? నా చేతులు పోతే వీడి చేతులు కావాలి."

మేయరు మెల్లగా హిన్‌రిక్ వైపు తిరిగాడు. "ఇతనేమన్నా చెప్పాడా నీకు?"

"ఇతనా!" సెల్మా నడుం మీద చేతులు పెట్టుకుంది. "గురువారం మీ ముందే కదండీ చెప్పింది, మంచి పడవని! అప్పట్నుంచీ అదే పాట. పడవ గొప్ప, పడవ గొప్ప అని నా చెవులు తినేశాడు. ఇంట్లో సూపంతా తాగాడు, పాలన్నీ తాగాడు. రేపు బండెక్కిస్తే పీడా విరగడవుతుంది."

కొందరు నవ్వారు. ఎక్కువమంది నవ్వలేదు. వెనకనుంచి ఎవరో అన్నారు, "పెద్దకొడుకు అంత వీరుడు, తల్లి ఇంత పిరికిది." లీడియా నోరు తెరుచుకుని చూస్తోంది. తర్వాత ఆమే గట్టిగా అంది, "సిగ్గులేదటే సెల్మా? మీ ఆర్నోకి తెలిస్తే ఏమనుకుంటాడే?"

సెల్మా ఆ మాటకు కళ్ళు వాల్చలేదు. ఒక్క క్షణం మాత్రం పెదవులు బిగిశాయి. "వాడితో నేను చెప్పుకుంటాలే," అంది.

ఎవాల్ద్ టోపీ నేలకేసి కొట్టి బయటికి పోయాడు. వేదిక మీద హిన్‌రిక్ అప్పుడు ఆమె వంక చూశాడు. ఈమెకు తెలుసు. ఎలాగో తెలుసు. రెండు రోజులుగా ఈమెను కాపాడుతున్నాననుకున్నాడు. ఊరందరి ముందూ పిరికిదాన్ని అనిపించుకుని ఈమె తనను కాపాడుతోంది.

*

ఆదివారం పొద్దున స్టేషనుకు బ్యాండు రాలేదు. మేయరు మనుషులు ఇద్దరు పొట్లాల పెద్దపెట్టెను సామాన్ల డబ్బాలోకి ఎక్కించి, ముభావంగా వెళ్ళిపోయారు. ఎవాల్ద్ ప్లాట్‌ఫారం చివర వీపు తిప్పుకుని నిలబడ్డాడు. తల్లి బలవంతాన లాక్కొచ్చింది.

సెల్మా చంకలోంచి పొట్లం తీసి హిన్‌రిక్ చేతుల్లో పెట్టింది.

"ఇది నీది. ఆర్నోకి పెట్టాల్సినవన్నీ ఇందులోనే పెట్టాను."

అతను ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి ఎత్తింది.

"నువ్వేం చెప్పకు. నువ్వు నాకేం చెప్పలేదు, రేపెవరు అడిగినా నేనదే చెబుతాను. ప్రతి పడకకీ రెండు పేర్లు చెప్పావు నాయనా. నీ పడక దగ్గరికొచ్చి ఒక్క పేరే చెప్పావు. పడవ తిరిగి రాగానే ఆ పడక ఎక్కాల్సినవాడు అలా మర్చిపోడు. నువ్వు ఒడ్డున నిలబడి వాళ్ళని చూస్తున్నావు."

హిన్‌రిక్‌కి కళ్ళ ముందు ప్లాట్‌ఫారం చెదిరిపోయింది. పెద్దవాడు, ఇరవై ఆరేళ్ళవాడు, పొట్లం గుండెకు పట్టుకుని పిల్లాడిలా ఏడ్చాడు.

"గాజు పిట్ట పగల్లేదమ్మా," అన్నాడు చివరికి. "రెండు మేజోళ్ళలో చుట్టి నేనే పెట్టాను. ఇంటికి వస్తుంది."

ఆమె తలూపింది. "హాల్లో ఆయన జెండా జెండాకీ చప్పట్లు కొట్టిస్తుంటే అనుకున్నాను. ఆ ఓడల్లోవాళ్ళకీ ఎవరో ఒకరు పొట్లాలు కట్టే ఉంటారు కదా." ఆగింది. "వీణ్ణి కూడా ఎన్నాళ్ళు ఆపగలనో తెలీదు. వయసొస్తే వాళ్ళే వచ్చి పట్టుకుపోతారు. ఆ లోపల అయిపోకూడదా ఈ పాడు యుద్ధం?"

బండి కూత వేసింది. ఆమె సామాన్ల డబ్బా వైపు గడ్డంతో చూపించింది. "ఆ పెట్టె ఎక్కడికి పోతుంది?"

"గిడ్డంగికి." సిగ్గుతో అన్నాడు. మళ్ళీ తలెత్తాడు. "జంక్షన్‌లో బండి మారాలమ్మా. వచ్చేటప్పుడు చూశాను, బాంబులకి ఇళ్ళు పోయినవాళ్ళు పిల్లలతో సహా ఆ స్టేషన్‌లోనే పడి ఉన్నారు."

"మరింకేం? లీడియా చక్కెర పిల్లల నోట్లోకే పోనీ. దారిలో పెట్టె పగిలిందని చెప్పు. ఇన్నాళ్ళు అబద్ధాలు బాగానే చెప్పావుగా, ఇదొక్కటీ చెప్పలేవూ?"

అతను ఏడుపులోనే నవ్వాడు. మెట్టెక్కాడు. ఆమె తలుపు కడ్డీ పట్టుకుని, ఇంకా వదల్లేదు.

"ఒక్కటి చెప్పు. ఆ పడక. వాడు లేచాక నువ్వు పడుకునేవాడివి కదా."

"అవునమ్మా."

"వెచ్చగా ఉండేదా?"

"ఎప్పుడూ వెచ్చగానే ఉండేదమ్మా. ఒక్క రోజు కూడా చల్లగా లేదు."

ఆమె కడ్డీ వదిలేసింది. బండి కదిలింది. హిన్‌రిక్ కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాడు. ఆమె భుజాల మీది ఊలు శాలువాను కొంగులా తల మీదికి లాక్కుని, ప్లాట్‌ఫారం చివరికి నడిచి, ఎవాల్ద్ వీపు మీద ఒకటి వేసింది.

"నడవరా. ఆదివారం, ఆలుగడ్డల తొక్కు తియ్యాలి."

వాడు భుజం విదిలించుకున్నాడు. రాయి ఒకటి కాలితో తన్నాడు. ఏదో సణిగాడు, ఆమె ఏదో తిట్టింది. మలుపు దాకా అలాగే కనబడ్డాడు వాడు, తల్లి వెనకాలే, ఈడ్చుకుంటూ, కోపంగా, ప్రాణాలతో.